లేహ్ దారిలో వాగు పక్కన టెంట్ వేసే ముందు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఆగస్టు మొదటి వారంలో ఒక కారు, రెండు బైకుల మీద మనాలి నుంచి సర్చు మీదుగా లేహ్ వెళ్తున్నారు. అక్కణ్నుంచి చుట్టుపక్కల లోయలు తిరుగుతారు. నాలుగైదు రాత్రులు వాగు ఒడ్డున టెంట్లలో పడుకోవాలని ఆలోచన. ఏడాది మొత్తానికి దాదాపు 100 మి.మీ. వాన పడే చోట వరద భయం ఎందుకు, ఫోన్‌లో వాతావరణ యాప్ చూసుకుంటే చాలదా అని అడిగారు.

చాలదు. ఎండు కొండల్లో వరద నుంచి బయటపడతారా లేదా అన్నది చాలావరకు ఆ సాయంత్రం టెంట్ ఎక్కడ వేశారన్న దగ్గరే తేలిపోతుంది. వాన మొదలయ్యాక చీకట్లో చేయగలిగింది చాలా తక్కువ. అందుకే ఈ జవాబులో ఎక్కువ భాగం పడుకునే చోటు గురించే. వాగు దాటడం గురించి ఆ తర్వాత.

ముందు యాప్ సంగతి. 2010 ఆగస్టు 5 అర్ధరాత్రి ప్రాంతంలో లేహ్ మీద వరద పడింది. బస్టాండు, ఆసుపత్రి, టెలిఫోన్ ఎక్స్ఛేంజి, రేడియో కేంద్రం దెబ్బతిన్నాయి. పక్కనే ఉన్న చోగ్లంసర్ బురద కింద పోయింది. సబూ, ఫ్యాంగ్, నిమ్ము లాంటి ఊళ్లకూ నష్టం జరిగింది. 200 మందికి పైగా చనిపోయారు. విమానాశ్రయం దగ్గరి వర్షమాపకంలో నమోదైంది మాత్రం 12.8 మి.మీ. మైదానాల్లో ఆ వానకు గొడుగు కూడా తీయం. మాపకంలో లోపమేమీ లేదు, అది లోయ అడుగున ఉంది, అసలు వాన పైన శిఖరాల కింది వాలుల్లో పడింది. ఒక లోయలో కుండపోత కురుస్తుంటే మూడు కిలోమీటర్ల అవతల నక్షత్రాలు కనిపించడం ఇక్కడ మామూలే. యాప్‌లో కనిపించే అంకె కొన్ని కిలోమీటర్ల గడికి తీసిన సగటు. మీ వాగుకు నీళ్లిచ్చే నాలుగైదు చదరపు కిలోమీటర్ల వాలు మీద ఏం జరుగుతోందో ఆ సగటులో కనిపించదు. 2022లో లేహ్‌లో డాప్లర్ రాడార్, అంటే వాన మబ్బుల కదలికను దూరం నుంచి కనిపెట్టే యంత్రం పెట్టారు, అది మంచి సాయమే. కానీ ఇలాంటి నేల మీద రాడార్ కిరణానికీ కొండలు అడ్డం వస్తాయి.

ఆ వరద రాత్రి రావడానికీ కారణం ఉంది. పగలు టిబెట్ పీఠభూమి ఎండకు కాగుతుంది, మధ్యాహ్నానికి అక్కడ ఉరుము మబ్బులు లేస్తాయి. మామూలు రోజుల్లో అవి అక్కడికక్కడే కరిగిపోతాయి. 2010లో అలాంటి మబ్బుల గుంపులు ఒక్కటిగా కలిసి, పైగాలి వాటున పడమటికి జరిగి, అరేబియా సముద్రం, బంగాళాఖాతం వైపు నుంచి ఎక్కివచ్చిన తేమను అందుకుని రాత్రికి లేహ్ మీదికి వచ్చాయి. అదీ వరసగా మూడు రోజులు. సాయంత్రం ఆకాశం తేటగా ఉందని ధీమా పడకూడదని చెప్పేది ఇందుకే. పగలంతా ఎండ కాసి తూర్పున మబ్బులు గోపురాల్లా లేచాయంటే, చీకటి పడ్డాక ఆ వైపు మెరుపులు కనిపిస్తుంటే, మీ నెత్తిమీద నక్షత్రాలున్నా సరే వాగు పక్కన పడుకోవద్దు.

కొద్దిపాటి వాన ఇంత పని ఎలా చేస్తుందో లెక్క వేస్తే తెలుస్తుంది. 5 చదరపు కిలోమీటర్ల చిన్న లోయ తీసుకోండి. అరగంటలో 30 మి.మీ. వాన పడిందనుకుందాం, అంటే గంటకు 60 మి.మీ. చొప్పున. చెట్టూ గడ్డీ లేని రాతి వాలు కాబట్టి సగం నీరు పారిందనుకున్నా, వాగు నోటి దగ్గర ప్రవాహం సెకనుకు దాదాపు 42 ఘనపు మీటర్లు. అంటే 42 టన్నుల నీళ్లు. ప్రతి సెకనుకూ నాలుగు 10 టన్నుల టిప్పర్లు మీ టెంట్ మీద గుమ్మరించినట్టు. అక్కడి వాగులకు కిలోమీటరుకు 200 నుంచి 300 మీటర్ల వాలు ఉండటం మామూలు. 4 కిలోమీటర్ల లోయ చివరన పడిన చినుకు కింది నోటికి చేరడానికి ఇరవై నిమిషాలు చాలు. పైన ఉరుము విని, బూట్లు వేసుకుని, సామాను సర్దేలోపు అయిపోతుంది.

ఈ లెక్క నీళ్లకే. వచ్చేది మాత్రం నీళ్లు ఒక్కటే కాదు. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే మంచు అక్కడి రాతిని ఏళ్ల తరబడి పగలగొడుతూనే ఉంటుంది. తేమ ప్రాంతాల్లో అయితే ఆ ముక్కల్ని ఏటా వాన కొట్టుకుపోతుంది, వేళ్లు కొంత పట్టి ఉంచుతాయి. ఇక్కడ రెండూ లేవు. పాత హిమానీనదాలు వదిలిపోయిన రాళ్లూ మట్టీ, వాటి మీద జారిపడిన ముక్కలు వాగు గొంతుల్లో దశాబ్దాల సరుకుగా పోగుపడి ఉంటాయి. పైనున్న నున్నటి బండల మీంచి జారిన నీరంతా ఒక్క ధారై ఆ పోగు మీద పడుతుంది, పైపుతో కొట్టినట్టు. దాంతో సగానికి సగం రాయీ మట్టీ కలిసిన చిక్కటి ముద్ద కదులుతుంది. ఘనపు మీటరు నీరు ఒక టన్ను తూగితే, ఆ ముద్ద రెండు టన్నుల దాకా తూగుతుంది. అందులో పెద్ద బండలు మునగవు, తేలినట్టుగా ముందు వరసలో వస్తాయి. ఉత్త నీళ్లకే వేగం రెట్టింపైతే దొర్లించగల రాయి బరువు 64 రెట్లు అవుతుందని పాత లెక్క ఒకటుంది. ముద్దగా కదిలినప్పుడు ఇంకేం చెప్పాలి. అందుకే ఈత వచ్చినా, తాడు ఉన్నా ఇందులో ఉపయోగం లేదు. తప్పుకోవడం ఒక్కటే దారి.

ఇక చోటు. కొండల మధ్య ఇరుకు గొంతులోంచి వాగు బయటపడి పెద్ద లోయలో కలిసేచోట రాళ్లూ ఇసుకా విసనకర్రలా పరుచుకుని ఉంటాయి. దూరం నుంచి చూస్తే చదునుగా, అందంగా, టెంట్లకోసమే చేసినట్టు కనిపిస్తుంది. ఆ విసనకర్ర మొత్తాన్నీ వరదలే కట్టాయి. ఈ రోజు వాగు ఎడమ అంచున పారుతోందని కుడి అంచు క్షేమం అనుకోవద్దు. ముద్ద దిగినప్పుడు పాత దారి రాళ్లతో పూడిపోతుంది, ప్రవాహం ఒక్కసారిగా కొత్త దారి వెతుక్కుంటుంది. నీళ్లు పెట్టుకోవడానికి వీలైన నేల అదే కాబట్టి లద్దాఖ్‌లో పొలాలూ, కొత్త ఇళ్లూ, హోటళ్లూ చాలావరకు అక్కడే ఉన్నాయి. పాత గొంపాలు (బౌద్ధ మఠాలు), ఊరి పాత ఇళ్లు ఎక్కడున్నాయో గమనించండి. ఎక్కువగా రాతి గుట్టల మీదా, భుజాల్లాంటి మెట్టల మీదా కనిపిస్తాయి. గదిలో దిగినా ఇదే చూడండి: బస వాగు గొంతుకు ఎదురుగా ఉందా, పక్కకు ఉందా. గొంతుకు ఎదురుగా ఉండి గోడలు మట్టి ఇటుకలవైతే, ఆగస్టులో వేరే చోటు చూసుకోవడమే మేలు. పచ్చి ఇటుక పొడి చలికి చక్కగా నిలుస్తుంది కానీ అడుగున తడిస్తే నిలవదు. పైన మట్టి కప్పు నాని బరువెక్కుతుంది. బతికున్నవాళ్లు ఇంట్లోంచి బయటికి రాలేకపోవడం ఇలాగే జరుగుతుంది.

నేల మీది గుర్తులు చదవడం కష్టమేమీ కాదు, అలవాటు చేసుకోవాలి. వాగుకు రెండు వైపులా కట్టల్లా వరసగా పేరుకున్న రాళ్లుంటే అవి పాత ముద్దల అంచులు. మనిషికన్నా పెద్ద బండ చదునైన చోట ఒంటరిగా ఉండి, దాని చుట్టూ ఎండిన బురద పట్టి ఉంటే అది దొర్లుతూ రాలేదు, ముద్ద మోసుకొచ్చి వదిలింది. ఏళ్లుగా కదలని రాళ్లు ఎండకు ముదురు గోధుమ రంగుకు తిరిగి ఉంటాయి, కొన్నింటి మీద పొలుసుల్లాంటి నాచు మచ్చలుంటాయి. తేట రంగులో, మచ్చ లేకుండా, అంచులు పదునుగా ఉన్న రాళ్లు ఈ మధ్య వచ్చినవి. బండల మీద బురద గీత ఏ ఎత్తున ఉందో చూడండి. పొదలు ఒకే వైపుకు వంగి, కొమ్మల్లో చెత్త చిక్కుకుని ఉంటే నీరు ఎంత ఎత్తున పోయిందో అది చెబుతుంది. వాగు పక్కన ముళ్ల పొదలు బాగా పెరిగి, మొదళ్లు ముదిరి ఉంటే కొన్నేళ్లుగా పెద్ద వరద లేనట్టు. దాన్ని ఇక రాదన్న హామీగా మాత్రం తీసుకోకండి. పైన సరుకు పోగవుతోందనీ అర్థం కావచ్చు.

టెంట్‌కు నేను చెప్పే కొలత ఇది. వాగు అడుగు కన్నా కనీసం 10 మీటర్ల ఎత్తు, అంటే మూడంతస్తుల మేడంత. పక్కకు ఎంత దూరం అన్నదానికన్నా ఎత్తే ముఖ్యం. వంపు తిరిగేచోట బయటి ఒడ్డున వద్దు, ముద్ద అక్కడ గట్టెక్కి దూకుతుంది. ఎత్తు వెతుక్కుంటూ రాళ్లు జారే వాలు కిందికి చేరొద్దు, వానకు ఆ రాళ్లూ కదులుతాయి. శిఖరం అంచునా వద్దు, పిడుగు ఉంది. గట్టి రాతి భుజం, దాని మధ్య మెట్టు సరైన చోటు. నీళ్లకోసం రోజుకు రెండుసార్లు దిగి ఎక్కాల్సి వస్తుంది. క్యాన్లలో సాయంత్రమే నింపుకుంటే రాత్రి దిగే పని ఉండదు. వెలుతురు ఉండగానే టెంట్ నుంచి పైకి పోయే దారిలో ఒకసారి నడిచి చూడండి. 3,500 మీటర్ల ఎత్తున, అలవాటు పడని ఊపిరితో, చీకట్లో 20 మీటర్లు ఎక్కడం ఎంతసేపో అప్పుడు తెలుస్తుంది. బూట్లు, తల దీపం తల దగ్గరే ఉండాలి. వాహనం ముందు భాగం దారి వైపు తిప్పి ఆపాలి. చేరిన మొదటి రెండు రాత్రులు అసలు టెంట్ వేయకండి, తలనొప్పి, ఆయాసంతో ఉన్న మనిషి పరుగెత్తలేడు.

హెచ్చరికలు కొన్నిసార్లు దొరుకుతాయి. తేటగా పారే వాగు కాఫీ రంగుకు తిరగడం, పుల్లలూ పేడా తేలిరావడం, తడి మట్టి వాసన గాలి మీద రావడం. అన్నిటికన్నా జనం పొరబడేది ఒకటుంది: వాగు హఠాత్తుగా తగ్గిపోవడం. హమ్మయ్య, తగ్గింది అనుకుంటారు. పైన ఎక్కడో రాళ్లు అడ్డం పడి నీరు నిలిచిందన్నమాట, అది తెగితే అంతా ఒక్కసారే వస్తుంది. చివరి గుర్తు చప్పుడు. రైలు వస్తున్నట్టు, కాళ్ల కింద నేల అదురుతూ. అప్పటికి మిగిలేది నిమిషం కావచ్చు, అంత కూడా ఉండకపోవచ్చు. వీటిలో ఏది కనిపించినా లోయ వెంట కిందికి పరుగెత్తొద్దు, దాన్ని మించలేరు. వాగుకు అడ్డంగా, పక్క వాలు మీదికి ఎక్కండి. సామాను వదిలేయండి, బండి కూడా. మొదటి ముద్ద పోయాక దిగి చూడొద్దు. ఇవి అలలు అలలుగా వస్తాయి, రెండోది మొదటిదానికన్నా పెద్దది కావచ్చు. తెల్లారి, వాగు తేటపడేదాకా పైనే ఉండండి. 2010లో మబ్బులు వరసగా మూడు రోజులు వచ్చాయని చెప్పాను కదా, కాబట్టి మర్నాటి రాత్రి కూడా ఆ చోటికి తిరిగి రావద్దు.

వాన ఒక్కటే కారణం కాదని కూడా తెలుసుకుని వెళ్లండి. 2014 ఆగస్టులో మనాలి-లేహ్ దారి మీది గ్యా ఊరికి వరద తెచ్చింది పైనున్న ఒక హిమానీ సరస్సు. దాని గట్టు లోపల దాగిన మంచు కరిగి సొరంగం పడింది, నీరు గట్టు మీంచి పొర్లకుండా అడుగునుంచే బయటికొచ్చింది. లద్దాఖ్‌లోనే జంస్కార్ ప్రాంతంలో కొండ విరిగిపడి ఫుక్తాల్ నదికి అడ్డుకట్టగా నిలిచింది, అది 2015 మే 7న తెగి దిగువన వంతెనల్ని తీసుకుపోయింది. టిబెట్‌లో ఇలాగే ఆగిన పారీచూ నది నీరు 2005 జూన్ 26న తెగి స్పితి నది మీదుగా సట్లెజ్‌లోకి దూకింది. ఈ చివరి రెండింటిలో నీరు నిలుస్తోందని ముందే తెలుసు, దిగువ జనాన్ని హెచ్చరించే వ్యవధి దొరికింది. మీ దారిలో ఏ లోయ పైనైనా సరస్సు గురించి ఊరివాళ్లు చెబితే, వాతావరణం ఎంత బాగున్నా ఆ లోయ అడుగున పడుకోకండి.

ఇప్పుడు వాగులు దాటడం. దారిలో జింగ్‌జింగ్‌బార్, భరత్‌పూర్ ప్రాంతాల్లో మంచు కరిగిన నీరు రోడ్డుకు అడ్డం పడుతుంది. మనాలి దాటాక వచ్చే లాహౌల్ లోయలో పాగల్ నాలా అన్న పేరు ఒకటికి మించిన వాగులకు ఉంది, పిచ్చి వాగు అని. ఆ పేరు ఊరికే పెట్టలేదు. 2021 జులై 27 రాత్రి లాహౌల్‌లోనే తోజింగ్ నాలా పొంగి ప్రాణాలు తీసింది. రాత్రి చలికి పైన మంచు కరగడం ఆగుతుంది కాబట్టి తెల్లవారుజామున నీరు తక్కువ, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎక్కువ. ఉదయం 9 లోపు పెద్ద నాలాలు దాటేలా బయల్దేరండి. మధ్యాహ్నం చేరితే, నీరు ఎక్కువగా ఉంటే, ఇవతలే ఆగి మర్నాడు దాటడం చేతకానితనం కాదు, అక్కడి డ్రైవర్లూ అదే చేస్తారు. వాన వెలిసిన వెంటనే ఈ లెక్క పనికిరాదు, బురద రంగు పోయేదాకా ఆగాల్సిందే.

వేగంగా పారే నీరు 15 సెంటీమీటర్లుంటే మనిషిని పడేయగలదు. 30 సెంటీమీటర్లకు చిన్న కారు తేలుతుంది. 60కి చాలా వాహనాలు కొట్టుకుపోతాయి. నీటి రంగు వల్ల లోతు కనిపించదు, రోడ్డు కింద కోసుకుపోయిందో కూడా తెలియదు. కర్రతో పొడిచి చూడగలిగినంత నెమ్మది నీరైతేనే ఒకరు ముందు నడిచి చూడండి. కారులో అయితే మొదటి గేరు, ఒకే తీరున యాక్సిలరేటరు, మధ్యలో గేరు మార్చడం, ఆగడం వద్దు. అద్దాలు దించి, బెల్టులు విప్పి ఉంచండి. ఒక బండి పూర్తిగా దాటాకే రెండోది దిగాలి. బండి నీళ్లలో ఆగిపోతే మళ్లీ మళ్లీ స్టార్ట్ చేయొద్దు. గాలి గొట్టంలోంచి నీరు ఇంజిన్‌లోకి పోయి ఉంటే పిస్టన్ నీటిని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, తర్వాత ఆ బండి లేహ్‌కు లారీ మీదే చేరుతుంది. నీరు పెరుగుతుంటే బండి గురించి ఆలోచించక గట్టెక్కండి.

బైకుకు నీరు చక్రం ఇరుసు దాటితే ఎక్కి నడపొద్దు. ఇంజిన్ మీదే, మొదటి గేరులో, పక్కన నడుస్తూ తోయండి. మీరు తప్పకుండా ప్రవాహం వచ్చే వైపే ఉండాలి. దిగువ వైపు ఉంటే, బైకు పడినప్పుడు మీరు దాని కింద ఇరుక్కుంటారు. నడిచి దాటేటప్పుడు బూట్లు విప్పొద్దు, రాళ్లు కాలి వేళ్లు విరగ్గొడతాయి. సంచి నడుము పట్టీ వదులు చేసి, ఎదురు ప్రవాహానికి ముఖం పెట్టి, కర్రను మూడో కాలుగా ఊనుకుంటూ పక్కకు జరగండి. నడుముకు తాడు కట్టుకుని దాటడం వద్దే వద్దు. కాలు జారితే ఆ తాడే మనిషిని నీటి కింద పట్టి ఉంచుతుంది.

ఎవరైనా తడిస్తే ఆ తర్వాతి గంట చలితోనే పోరాటం. ఆ నీరు మంచులోంచి వచ్చింది, చుట్టూ గాలి చల్లన. తడి బట్టలు వెంటనే తీసి పొడివి వేయండి, కింద చాప పరిచి స్లీపింగ్ బ్యాగులో పెట్టండి. స్పృహ బాగా ఉంటే వేడి తీపి పానీయం ఇవ్వొచ్చు. చేతులూ కాళ్లూ రుద్దొద్దు, మద్యం ఇవ్వొద్దు. వణుకు దానంతటది ఆగి మాట ముద్దగా వస్తోందంటే తగ్గిందని కాదు, ముదిరిందని. బురదలో నడుము దాకా కూరుకున్న మనిషిని చేతులు పట్టి లాగొద్దు. బురద గట్టిపడుతుంది, కీళ్లు తప్పుతాయి. చుట్టూ తవ్వి, కాళ్ల వెంట నీళ్లు పోసి వదులు చేసి తీయాలి. అదీ పైన ఒకరు వాగును చూస్తూ కాపలా ఉన్నప్పుడే.

వరద తర్వాత రెండు మూడు రోజులు మంచినీళ్ల కష్టం వస్తుంది. బురద నీటికి చిన్న ఫిల్టర్లు నిమిషాల్లో మూసుకుపోతాయి. బకెట్‌లో కొన్ని గంటలు తేరనిచ్చి, పైనీటిని బట్టలో వడగట్టి, ఆ తర్వాత మరిగించండి. లేహ్ ఎత్తున నీరు దాదాపు 88 డిగ్రీలకే మరుగుతుంది, కాబట్టి మరగడం మొదలయ్యాక మూడు నిమిషాలు ఉంచండి.

ఫోన్ల సంగతి బయల్దేరే ముందే చూసుకోండి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు, గుంపులో కనీసం ఇద్దరి దగ్గర పోస్ట్‌పెయిడ్ ఉండాలి. సర్చు, పాంగ్ మధ్య సిగ్నల్ మీద ఆధారపడొద్దు. ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారో, మర్నాడు ఏ వేళకు ఎక్కడ చేరతారో రాసి ఇంట్లో ఒకరికి ఇవ్వండి. అత్యవసరానికి 112, జిల్లా విపత్తు కేంద్రానికి 1077. దాటాల్సిన ప్రతి పెద్ద నాలా ముందు ఎదురొచ్చే లారీ డ్రైవర్‌ను ఆపి, ఎన్ని గంటలకు దాటాడో, నీరు ఎంత ఉందో, ఏ రంగులో ఉందో అడగండి. ఆ పూటకు అంతకన్నా తాజా సమాచారం మీకు ఇంకెక్కడా దొరకదు.